నాటకం అయ్యేదాకా కదలని బండ్లు

పోయిన ఆదివారం సాయంత్రం రేడియోవాళ్ళు నాటకాన్ని ఇంకా అయిపోకముందే తెగ్గోశారు. కొడుకు మీద కేసులో తల్లి సాక్షిగా బోనెక్కింది, వకీలు అడిగాడు, ఆమె గొంతు సవరించుకుంది, అంతే, బంగారం మీద అప్పులిస్తామనే ప్రకటన మొదలైంది. ఆ తల్లి నిజం చెప్పిందా, కొడుకును కాపాడుకుందా? మా ముసలామె బియ్యం చాట పక్కన పెట్టి నా మొహం చూసింది. "గట్లెట్ల ఆపుతరయ్యా? జర ఫోన్ జేసి అడుగు" అంది.

నేను బడిలో చదివింది తక్కువ. మిగతా చదువంతా రేడియో చెప్పిందే. సాయంత్రం పూట ముందు ప్రసంగం, చెరువుల చరిత్ర గురించో, బాలింతల తిండి గురించో, తర్వాత కచేరీ, కల్యాణికీ మోహనకూ తేడా నాకు ఏ గురువూ చెప్పలేదు, విని విని తెలిసింది, ఆపైన నాటకం. నాటకాన్ని మధ్యలో ఆపడం ఎంత తప్పో తెలిసింది మాత్రం బోధన్‌లో, చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరకు బండ్ల వరుసలో.

మీలో ఆ రోజులు చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, గానుగ మొదలైందంటే చెరకు తూచే కాంటా నుంచి రోడ్డు పొడుగునా బండ్లే. మా వరుసలో ట్రాన్సిస్టర్ ఒక్క మా బాపుకే ఉండేది. దాన్ని బండి ముందు వేలాడదీస్తే వెనకాముందూ ఉన్నవాళ్ళంతా, తెలుగు సగమే తెలిసిన మరాఠీ బండ్లవాళ్ళతో సహా, చుట్టూ చేరేవాళ్ళు. ప్రసంగం వస్తుంటే వాదులాడేవాళ్ళు, కచేరీ వస్తుంటే ఎడ్లకు మేత వేసుకునేవాళ్ళు, నాటకం మొదలైతే మాత్రం దగ్గు కూడా ఆపుకునేవాళ్ళు.

ఒక సాయంత్రం తప్పిపోయిన పిల్ల కోసం తండ్రి ఊరూరా వెతికే నాటకం మంచి పట్టులో ఉండగా మా వంతు వచ్చింది. బాపు ఎడ్లను కట్టబోతే వెనక బండి మీది నుంచి మా చిన్నాయన అరిచాడు, "ఓ అన్నా, పోతే నువ్వు పో, గా డబ్బ ఈడ వెట్టి పో!" ఇంకెవరో "పిల్ల దొరకకముందు బండి కదిలిందా, సక్రం ఊడవీకుత" అన్నారు. చెరకు ఎండితే తూకం తగ్గుతుందని బాపుకు తెలియక కాదు. అయినా పగ్గాలు వదిలేసి, వెనకవాళ్ళను ముందుకు పొమ్మని చేయి ఊపాడు. ఒక్క బండీ కదల్లేదు. కాంటా గుమాస్తా ఊగిపోతూ వచ్చాడు, "ఏందయ్యా, చెరుకు తెచ్చిండ్రా, నాటకం ఇనొచ్చిండ్రా?" అన్నాడు. కాసేపు తిట్టి, తిట్టి, "సరే తియ్, జర సౌండన్న పెంచు" అని బాపు పక్కనే కూలబడ్డాడు. పిల్ల దొరికాకే కాంటా నడిచింది.

అటువంటివాళ్ళ మధ్య పెరిగినవాణ్ణి, ఊరుకుంటానా? రేడియో స్టేషన్‌కు ఫోన్ చేస్తే ఒకరు ఇంకొకరిని అడగమన్నారు, ఆ ఇంకొకరు సారు లేడన్నారు. నేను వదల్లేదు. నాటకం మళ్ళీ వెయ్యండి, లేదా ఆ తల్లి ఏం చెప్పిందో మీరైనా చెప్పండి, అంతే నా డిమాండు. మా కాలంలో వినేవాళ్ళ కోసం కాంటా కూడా ఆగింది. ఇప్పుడు ఇంటింటా, జేబు జేబులో పాటలూ మాటలూ ఉన్నాయి గానీ ఒకరి కోసం ఒకరు ఆగడం ఎక్కడుంది? చివరికి ఒక పిల్లవాడు దొరికాడు, మర్యాదస్తుడే, నేను చెప్పిందంతా విని అన్నాడు:

"మాఫ్ చెయ్యిండ్రి తాతా, గా తల్లి ఏం జెప్పిందో నాకు గూడ తెల్వది. ఆదివారం సాయంత్రం ఈడ మనుషులే ఉండరు, అంత మిషినే నడిపిస్తది. మీరు ఫోన్ జేసేదాంక నాటకం తెగిందన్న సంగతి మాకెవ్వలకు తెల్వది."