నా కూతురి చోట ఇంకో పిల్ల

మా చిన్నమ్మాయి పోయింది. ఆదివారం మధ్యాహ్నం వానలో, ఇక్కడ మలేషియాలో బంటింగ్ నుంచి క్లాంగ్ వెళ్ళే దారిలో, లారీ ఆమె మోటారుబండిని గుద్దేసింది. పోలీసులు ఫోను చేసినప్పుడు నేను వడలకి పిండి రుబ్బుతున్నాను. ఆ పిండి ఏమయిందో ఇప్పటికీ తెలీదు. నాకు పెద్ద చదువు లేదు. మావాళ్ళు కూలి చేసిన తోటలో తెలుగు బడి ఉన్నన్నాళ్ళు వెళ్ళాను, అంతే. రాతలో వంకరలుంటే సర్దుకుని చదవండి. నా కోపాన్ని మాత్రం సర్దుకోమని అడగను.

కోపం మొదట లారీవాడి మీద. ఆ తర్వాత మా వదిన మీద. పిల్లకి సొంత మేనత్త. శవం ఇంట్లో ఉండగానే నలుగురిలో అంది: "ఆ అమెరికా పాటలే దాన్ని తినేసినాయి. ఆడపిల్లకి గిటారేటి? పెళ్ళి సేసుంటే ఇంటికాడ ఉండేది గదా." లారీవాడు బ్రేకు వెయ్యకపోతే తప్పు పాటదా? వదినా, ఇది మీరు చదువుతారని తెలుసు. చదవండి.

అమ్మాయి ఫ్యాక్టరీలో పని చేసేది. ఆదివారాలు క్లాంగ్‌లో ముగ్గురు స్నేహితులతో కలిసి వాయించేది. ఆమెది లావు తీగల గిటారు, బాస్ అంటారు. పాటలో అది వేరేగా వినపడదు. ఆపేస్తే మాత్రం పాట బోసిపోతుంది. ఆ నలుగురికీ ఒక అమెరికా బృందమంటే ప్రాణం. దాని పేరు నాకు నోరు తిరగదు. వాళ్ళ పాట మొదట గొణుగుడు, ఆపైన ఒక్కసారిగా అరుపు. "ఇదేటి పాట, కడుపునొప్పా?" అనేదాన్ని. "ఔను మా, మంచి కడుపునొప్పి" అనేది.

ఆ బృందం కథంతా వంటింట్లో నేల మీద కూర్చుని నాకు చెప్పింది. దానికి తెలుగు సగమే వచ్చు. ఏం చెప్పినా తమిళంలోకో మలాయిలోకో దొర్లిపోయేది. ఈ కథ మాత్రం, నేను మధ్యలో లేచి వెళ్ళిపోకూడదని, వెతుక్కుంటూ తెలుగులోనే చెప్పేది. ఎవరిదో కారుషెడ్డులో మొదలుపెట్టారట. మొదటి రికార్డు ఎవరూ కొనలేదట. వ్యానులో పడుకుంటూ ఊరూరా తిరిగారట. ఉన్నట్టుండి ఒక పాట రేడియోకెక్కి లోకమంతా తెలిసిపోయారు. కంపెనీవాళ్ళు ఇకమీదట మెత్తగా పాడమంటే, ఇంకా గట్టిగా వాయించి వదిలారట. ఆ ముక్క చెప్పేటప్పుడు దాని మొహం చూడాలి, ఏదో వాళ్ళ ఆడపడుచు అయినట్టు. తర్వాత డ్రమ్ములు వాయించేవాడు జబ్బు చేసి పోయాడు. కొన్నేళ్ళు ఊరుకుని, అతని చోట ఇంకొకణ్ణి పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టారు.

అక్కడే మా ఇద్దరికీ గొడవ. "సచ్చినోడి పీట మీద ఇంకోడ్ని కూకోబెడతారా? సిగ్గు నేదా?" అన్నాను.

అది గిటారు మీంచి తలెత్తకుండానే, "ఆడి పాటలు మరి ఎవులు వాయిస్తారు మా? ఆడితో పాటు అవి కూడా పాతెయ్యాలా?" అంది.

నేను ఒప్పుకోలేదు. ఎన్నిసార్లు ఆ మాటొచ్చినా ఒప్పుకోలేదు.

పదహారో రోజు కర్మ అయ్యాక అమ్మాయి బృందంలో డ్రమ్ములు వాయించే కుర్రాడు వచ్చాడు. తమిళ పిల్లాడు, మా ఇంట్లో ఎన్నోసార్లు తిన్నవాడు. వెంట ఒక కొత్త పిల్ల. మా అమ్మాయి కట్టిన పాటలు ఈ పిల్ల వాయిస్తుందట. ఆంటీ సరేనంటేనే, కాదంటే బృందం మూసేస్తాం అని తమిళంలో చెప్పాడు. ఆ పాటలన్నీ ఆ గిటారు మీదే కట్టింది కాబట్టి అదీ కావాలన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా బిడ్డ చోట నిలబడ్డానికి అంత తొందరేమిటని ఆ పిల్లని అడిగాను. కుర్రాడు ఏడుస్తున్నాడు. హాల్లోంచి వదిన, "ఇచ్చి పంపెయ్యి, ఆ దరిద్రం ఇంట్లో ఎందుకు?" అంది.

"దరిద్రం కాదు వదినా, అది నా కూతురు సేసిన పని" అన్నాను. మా ఇంట్లో ఆవిడ ముందు నేను గొంతెత్తింది అదే మొదలు.

గిటారు నేనే తెచ్చాను. ఆ పిల్ల పట్టుకుంది గానీ కుదరలేదు. మా అమ్మాయిది ఎడమచేతి వాటం, మామూలు గిటారునే తిప్పి, తీగలు తారుమారుగా కట్టుకుంది. ఈ పిల్లది కుడిచేతి వాటం. విప్పి మళ్ళీ కట్టాలన్నాడు కుర్రాడు, భయపడుతూ. ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి నేల మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాను. ఏ మర ఎటు తిప్పాలో ఆ పిల్ల వేలితో చూపించింది. నా కోపం తగ్గలేదు. తగ్గించుకోమని ఎవరూ చెప్పకండి. మర తిప్పుతుంటే తీగ మూలుగుతూ, గొంతు దిగిపోతూ, ఆఖరికి ఏ చప్పుడూ లేకుండా వదులైపోయింది. విప్పినవి ఒక్కొక్కటే పక్కన గచ్చు మీద పెట్టాను. చేత్తో తిన్నగా సాపు చేశాను. చెయ్యి తియ్యగానే మళ్ళీ చుట్టుకుపోయాయి.