మందు పేరు అడిగే మా పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందని కూలికి పోతున్న ఆటోలో ఉండగా నాకు ఫోనొచ్చింది. తెల్లవారి లేవలేదట, గుండె ఆగిందన్నారట. ఆమె మా అమ్మకు సొంత అక్క. విడపనకల్లు దగ్గర మా ఊళ్ళో ఆడకూలీల గుంపుకు పెద్ద. ఒంట్లో బాగాలేదు, రేపు పనికి రానని ముందు రోజు సాయంత్రమే చెప్పింది. కబురు వినగానే నాకు ఏడుపు రావాలి కదా? రాలేదు. ముందు భయం వేసింది. ఇక మేము దిగే చేనులో ఏం మందు కొట్టారో ఎవరు అడుగుతారు అనిపించింది. ఏడుపు తర్వాత వచ్చింది, ఆటో వెనక్కి తిప్పించాక.

ఇది వింటే మీకు విడ్డూరంగా ఉండొచ్చు. మీ ఇంటికి మిరపకాయ ఎండిపోయి, ఎర్రగా వస్తుంది. మేము దాన్ని మందు వాసన మీదే కోస్తాం.

పెద్దమ్మ ఏ చేను గట్టెక్కినా గంప దించకముందే రైతును పట్టుకునేది. "ఏం మందు కొట్టినావప్పా? ఎప్పుడు కొట్టినావు?" అనేది. "ఏమీ కొట్టలేదక్కా, దిగండి, ఎండెక్కుతాండాది" అని రైతు అన్నాడనుకోండి, వంగి రెండు చెట్ల ఆకులు తిప్పి చూసేది. "కొట్టలేదా? మరి నీ చేన్లో చీమ లేదు, ఈగ లేదు. అన్నీ యాడికి పోయినాయి, పెండ్లికా?" మేము కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళం. రైతుకు మాత్రం ఒళ్ళు మండేది. "మాటలొద్దు, బిల్లు చూపు" అనేది చివరికి. ఆమెకు చదువు రాదు. బిల్లు, మందు డబ్బా రెండూ నా చేతికిచ్చి, మందు పేరేమిటో, కొట్టాక ఎన్నాళ్ళు ఆగాలో చదవమనేది. ఇంటర్ దాకా చదివి కూలికొచ్చింది గుంపులో నేనొక్కదాన్నే మరి.

రైతులు ఆమెకు లాయరమ్మ అని పేరు పెట్టారు. కొందరు మా గుంపును పిలవడమే మానేశారు. "ఈమె నోటికి మన కూలి పోతాంది" అని మావాళ్ళే సణిగేవాళ్ళు. ఆమె పట్టించుకునేది కాదు. చాలా ఏళ్ళ కిందట ఆమె మేకలు మందు కొట్టిన చేనులో మేసి, ఇల్లు చేరకుండానే దారిలో పడి చచ్చాయట. "మేకలు పోయినందుకే అంత ఏడ్చినా. మీలో ఎవరన్నా అట్ల పడిపోతే నేను బతకాలనా?" అనేది. చేనులో ఉన్నంతసేపు ఆకూ వక్కా ముట్టేది కాదు, మమ్మల్ని ముట్టనిచ్చేది కాదు. ఒకసారి నేను తెలియక చేతి వేలు నోట్లో పెట్టుకుంటే ఆ చెయ్యి మీద ఒక్కటి వేసింది. కొంగుకు సబ్బు ముక్క కట్టుకుని తిరిగేది. మా చేతులు తోమించి, వాసన చూసి, అప్పుడుగానీ సద్ది మూట విప్పనిచ్చేది కాదు.

ఆమె లేకుండా మేము ఒకే ఒక్క రోజు చేనులోకి దిగాం. బంధువుల పెళ్ళికి తాడిపత్రి పోయిందామె. నాకప్పుడు ఐదో నెల. రైతు ఏమీ కొట్టలేదన్నాడు, దిగిపోయాం. కాసేపటికి నా నోట్లో ఉమ్మి ఊరడం మొదలైంది. కళ్ళు మసకబారాయి, చేతులు వణికాయి. కడుపు పట్టుకుని సాలులో కూలబడ్డాను. మా ఆయన బండి మీద ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు ఒకటే అడుగుతున్నాడు, ఏం మందు, ఏం మందు అని. మాకేం తెలుసు? రైతు ఫోను ఆపేసుకున్నాడు. బిడ్డ పోతుందేమో, నేను పోతానేమో, ఇద్దరం పోతామేమో. దేవుడా, ఆ భయం పగవాళ్ళకు కూడా వద్దు.

కబురు తెలిసి పెద్దమ్మ పెళ్ళి భోజనం వదిలేసి బస్సెక్కింది. దిగి ఆసుపత్రికి రాలేదు, నేరుగా ఆ రైతు కొనే పురుగుమందుల అంగడికి పోయింది. అక్కడేం జరిగిందో ఆ అంగడాయనే తర్వాత నాకు చెప్పాడు. ఎవరికి ఏ మందు అమ్మిందీ అంగడిలో రాసిపెట్టాలని నియమం ఉంది. "ఒకరి బిల్లు ఇంకొకరికి చూపించకూడదమ్మా" అన్నాడట ఆయన.

"మరెందుకప్పా రాసుకునేది? పురుగులు చచ్చినాయో లేదో లెక్క పెట్టుకోడానికా? ఆడ నా బిడ్డ కడుపుతో పడి ఉండాది. పేరు చెప్పు" అని అంగడి మెట్టు మీద కూర్చుందట. ఒక్కొక్కరు మందు కొనడానికి వస్తున్నారు, ఆమె ఒక్కొక్కరికీ సంగతంతా మొదటినుంచి చెబుతోంది. ఆయన పుస్తకం తీశాడు. ఆ పేజీ ఫొటో మా ఆయన ఫోనుకు వచ్చింది. డాక్టరు అది చూసి, "ఇదా!" అని నర్సును పిలిచాడు.

నెలలు నిండేదాకా నాకు కంటినిండా నిద్ర లేదు. కాన్పులో బిడ్డ ఏడుపు వినగానే ఆడో మగో అడగలేదు, కాళ్ళూ చేతులూ సరిగ్గా ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయి. నా కూతురు ఇప్పుడు బడికి పోతోంది.

పెద్దమ్మ పోయాక ఒక ఆలోచన నన్ను వదలడం లేదు. అంగడిలో అమ్మింది రాస్తారు. చేనులో ఏ రోజు ఎంత కొట్టారో, ఆ తర్వాత అందులో ఎవరు పనిచేశారో ఎవరూ రాయరు. బతుకంతా చేలల్లో తిరిగిన మనిషి. ఆమె గుండె ఎందుకు ఆగిందని ఏ డాక్టరును అడిగినా, ఆ ఒంట్లోకి ఏ మందు ఎంత పోయిందో ఆయనకు ఎలా తెలుస్తుంది? మరి నా ఒంట్లో? ఒక్కోసారి చేతులు వణికినట్టనిపించి దీపం దగ్గర పెట్టి చూసుకుంటున్నాను.

దినాలయ్యాక గుంపు మళ్ళీ పనికి కదిలింది. రైతు కుర్రవాడు, మాకు వరసకు అన్న అవుతాడు. "ఏమీ కొట్టలే, దిగండి" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నాకు పెద్దమ్మ నోరు లేదు. ఎగతాళి చేయడం రాదు, గట్టిగా అడగడం రాదు. ఈ రోజు కూలి పోతే ఇందరి ఉసురు నాకు తగులుతుంది.

"ఏం మందు కొట్టినావన్నా?" అన్నాను.

"ఆమె పోయిందంటే నువ్వు తగులుకున్నావా?" అని నవ్వాడు.

నేను గంప దించాను. అలాగే గట్టు మీద కూర్చున్నాను. నా వెనక ఇంకో గంప కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత ఇంకొకటి. అతను ఎండ వైపు చూశాడు, మా వైపు చూశాడు, తల దించుకున్నాడు.

"నిన్న సాయంత్రం కొట్టినా" అన్నాడు మెల్లిగా.

మా గుంపులోకి కొత్తగా వచ్చిన పిల్ల అప్పటికే సాలులో ఒక కాలు పెట్టి ఉంది. ఆ కాలు వెనక్కి తీసుకుంది.