బాపు చాలన్న రోజు

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. పక్కింటి మరాఠీ ఆవిడ గోడ మీదుగా "లైట్ చాలూ ఝాలీ" అని చెప్పింది. కరెంటు వచ్చిందని ఆవిడ మాట. నేను మాత్రం ఫ్యాను వేసుకోకుండా కాసేపు అలాగే కూర్చున్నాను. నాందేడ్‌లో పుట్టి పెరిగిన తెలుగుదాన్ని, రెండు భాషలూ నోట్లో కలిసిపోయినదాన్ని, అయినా ఆ ఒక్క మాట దగ్గర ఇప్పటికీ తడబడతాను. మనకు చాలు అంటే ఇక వద్దని. మరాఠీలో చాలూ అంటే నడుస్తోందని, నడవనీ అని.

మా నాన్న, బాపు అంటాం మేము, సరిహద్దున బిలోలి వైపు తెలుగు పల్లె నుంచి వచ్చి ఇక్కడ స్టీలు గిన్నెల దుకాణం పెట్టిన కొత్తలో ఒక మరాఠీ పెళ్లి పంక్తిలో కూర్చున్నాడట. జిలేబీ వడ్డించే అతనితో మర్యాదగా "చాలు, చాలు" అన్నాడట. అతను ఉత్సాహంగా మరో నాలుగు వేశాడు. బాపు మళ్లీ చాలన్నాడు, మళ్లీ పడ్డాయి. విస్తరిలో ఏదీ వదలకూడదన్న పట్టింపు ఒకటి, అన్నీ తిని రెండు రోజులు దుకాణం తెరవలేదు. ఈ సంగతి అమ్మ ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేది, చెప్పినప్పుడల్లా జిలేబీలు పెరిగేవి. తర్వాత బాపు మరాఠీ గట్టిగానే నేర్చాడు. గిరాకీలతో మరాఠీ, పక్క దుకాణాలవాళ్లతో దక్కనీ ఉర్దూ, దేవుడి ముందు మాత్రం తెలుగు. వెంకన్నను మూడు భాషలతో ఇబ్బంది పెట్టడం ఎందుకని కాబోలు.

బాపుకు కిడ్నీలు చెడిపోయి వారానికి మూడుసార్లు డయాలిసిస్ మొదలయ్యాక, అమ్మ పదకొండు శనివారాల ఉపవాసం మొక్కింది. నేనూ మొక్కాను. అంతకుముందు అగ్గిపెట్టె కోసం తప్ప దేవుడి గదిలోకి పోయినదాన్ని కాదు, భయంతో భక్తురాలినయ్యాను. బాపు చెయ్యి సూదులకు కమిలి ఉబ్బిపోయింది. మిషను పక్కన నాలుగు గంటలు కళ్లు మూసుకుని పడుకునేవాడు, పెదవులు కదిలేవి. ఆయన మొక్కు కూడా మా మొక్కే అనుకున్నాం.

నాలుగో శనివారం డాక్టరు మంచం దగ్గరికి వచ్చాడు. ఈ వైద్యం ఒంటికి పెద్దగా పట్టడం లేదని, ఆపేస్తే ఎన్నో రోజులు ఉండడని, ఏదైనా పెద్దాయన ఇష్టమేనని మరాఠీలో నెమ్మదిగా వివరించాడు. తర్వాత వంగి "చాలూ ఠేవూ కా, బాబా?" అన్నాడు. కొనసాగించనా అని.

"చాలు, డాక్టర్ సాబ్. చాలు," అన్నాడు బాపు.

డాక్టరు ముఖం విప్పారింది. పెద్దాయనకు ధైర్యం ఉందని నర్సుతో మెచ్చుకుంటూ వెళ్లిపోయాడు. అమ్మ నా వైపు చూసింది. ఇద్దరికీ అర్థమైంది, ఇద్దరం నోరు మెదపలేదు. నేను బడిలో పిల్లల మరాఠీ వాక్యాలు దిద్దే టీచర్ని. ఆ ఒక్క మాట దిద్దలేదు.

ఇంటికి తిరిగొస్తుంటే, అమ్మ మందుల కోసం దిగినప్పుడు ఆటోలో బాపు అడిగాడు, "ఆయనకు ఎందుకు చెప్పలే బిడ్డా?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "నువ్వన్న చెప్పకపోయినవా బాపూ. చాలని మరాఠీల పురే అంటె అయిపోతుండె. గా మాట నీకు రాదా?"

"ఎందుకు రాదు. మీ అమ్మ మొఖం జూసిన. ఆమె శనివారాలు ఇంక ఏడున్నయి గద."

"మరి నువ్వు దేవునికి ఏం మొక్కుతున్నవ్?"

"నన్ను తీస్కపొమ్మని. గని ముందుగాల మీ అమ్మది ఇనుమన్న. నాది ఎన్కకు ఇన్నా సరే."

నాకు ఏడుపు వచ్చింది, కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఆ తర్వాత దీపం ముందు నిలబడితే ఏం అడగాలో తోచేది కాదు. బతికించమంటే ఆయన చెయ్యి కళ్ల ముందు కనిపించేది. తీసుకుపొమ్మనడానికి నోరు రాలేదు. అమ్మకు ఆ ఆటో మాటలు ఎన్నడూ చెప్పలేదు. ఆమెకు తెలియదని మాత్రం అనుకోను.

పదకొండో శనివారం అమ్మ దీపం పెట్టి, మాతోపాటు ఆసుపత్రికి వచ్చింది. కూరగాయల బేరానికి మించి మరాఠీ మాట్లాడని మనిషి, నన్ను ఆగమని చేత్తోనే చెప్పి, డాక్టరు ఎదుట నిలబడింది. "ఆతా పురే, సాహెబ్," అంది. ఇక చాలని.

ఆ వారం దాటకుండానే బాపు పోయాడు.

ఆ ఏడు వారాలూ తన ఉపవాసాలకు మెచ్చి దేవుడిచ్చినవని అమ్మ ఇప్పటికీ అందరితో అంటుంది. నేను కాదనను. కానీ ఆ రోజులు మాకిచ్చింది, అప్పటికే చాలనుకున్న బాపు.