ఒంటికి బిళ్ళ

నాలుగో లైనులో ముప్పై ఎనిమిది కుట్టుమిషన్లు, ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్ళు, ఒక్క బిళ్ళ.

అరచేతిలో సగం ఉండే ఎర్ర ప్లాస్టిక్ బిళ్ళ అది. దానికో కన్నం, కన్నంలో మురికిపట్టిన దారం, ఆ దారం సూపర్‌వైజర్ బల్ల పక్క గోడకున్న మేకుకి. ఆఫీసు కాగితాల్లో దాని పేరు పాస్. ఆడవాళ్ళు మాత్రం ఒంటికి బిళ్ళ అంటారు. మూత్రానికి వెళ్ళాలంటే అది మెళ్ళో వేసుకుని వెళ్ళాలి, ఆరు నిమిషాల్లో తెచ్చి మళ్ళీ మేకుకి తగిలించాలి. మేకు ఖాళీగా ఉంటే ఎంత ఆగలేకపోయినా పళ్ళు బిగబట్టి కూర్చోవాల్సిందే. బిళ్ళ దొరికినా అయిపోలేదు. లేచిన ప్రతిసారీ సూపర్‌వైజర్ గొంతు లైను చివరిదాకా వినబడుతుంది.

"ఏం తల్లీ, పొద్దున్నే చెరువు మింగొచ్చావా?"

నవ్వాల్సిన వాళ్ళు నవ్వుతారు. నవ్వని వాళ్ళ కుట్టులో ఆ పూట అతనికి వంకరలు ఎక్కువ కనిపిస్తాయి.

ఈ రోతని కాలర్ అనే అమ్మాయి ఆరేళ్ళు కిక్కురుమనకుండా భరించింది.

లైనులో ఎవరినీ పేరుపెట్టి పిలవరు, పనిపెట్టి పిలుస్తారు. చొక్కా చేతులు అతికేవాళ్ళు చెయ్యి, జేబులు కుట్టేవాళ్ళు జేబు. ఈ అమ్మాయి పద్దెనిమిదో ఏట వచ్చి కాలర్ల మిషను ముందు కూర్చుంది, కాలర్ అయిపోయింది. ఇప్పుడు ఇరవై నాలుగు. పక్క మిషను జేబక్క ఆమెకన్నా పదేళ్ళు పెద్దది, నోరు గట్టిది. "ఊళ్ళో మగాళ్ళంతా ఎగరేసుకు తిరిగే కాలర్లు నువ్వు కుట్టినవేనే పిల్లా. నీ తల మాత్రం మిషను మీంచి లేవదు" అని వెక్కిరించేది.

బిళ్ళ గొడవ తప్పించుకోడానికి కాలర్ ఒక ఉపాయం కనిపెట్టింది. నీళ్ళు తాగడం మానేసింది. పొద్దున ఇంట్లో ఒక గుక్క, మధ్యాహ్నం డబ్బాలో తిండి గొంతు దిగడానికి రెండు గుక్కలు. అమ్మ నింపి ఇచ్చిన సీసా సాయంత్రం నిండుగానే ఇంటికి వచ్చేది. "అక్కడి నీళ్ళు బాగుంటాయేంటే, నేనిచ్చినవి ముట్టవు?" అని అమ్మ నిష్ఠూరమాడేది. కాలర్ ఆ నీళ్ళు బిందెలో పోసేసేది. నిజం చెప్పాలంటే బిళ్ళ ఒక్కటే కారణం కాదు. నూట యాభై మందికి రెండు మరుగుదొడ్లు. ఒకదానికి గడియ లేదు, రెండోదానిలో నీళ్ళు రావు. గడియ లేనిదాని తలుపు ఒక చేత్తో పట్టుకుని కూర్చోవాలి. వాసన బట్టలకి పట్టి మిషను దాకా వెంట వస్తుంది. దాన్ని కడగడానికి మనిషి లేడు గానీ, అందులో ఎవరెంతసేపున్నారో చూడటానికి మనిషున్నాడు.

ఏడాది కిందట మొదలైంది గుండెలో దడ. కూర్చున్నదల్లా లేవగానే కళ్ళు చీకట్లు కమ్మేవి, గుండె తలుపు బాదినట్టు కొట్టుకునేది. తర్వాత ఎడమ రొమ్ము కింద పోటు మొదలైంది. సూది గుచ్చి తీసినట్టు వచ్చి, పోయి, మళ్ళీ వచ్చేది. ఊపిరి సగంలో తెగేది.

"గ్యాస్" అన్నాడు సూపర్‌వైజర్.

"గ్యాసేనే, వేళకి తినవు కదా" అంది అమ్మ.

ఎక్కడ నొప్పన్నా, ఎవరికి నొప్పన్నా మనవాళ్ళ నోట మొదట వచ్చే మాట అదే. ఆ మాట అనేస్తే ఇంక ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు. బావ ఇంకో అడుగు ముందుకేశాడు. "ఈ వయసులో గుండెనొప్పేంటి మరదలా? పెళ్ళి చేసేస్తే గుండె దానంతటదే దారికొస్తుంది" అన్నాడు. అక్క కిసుక్కుమంది. నొప్పి పడుతున్నది పక్కనే కూర్చుని ఉంది.

ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి కాలర్ లేచి నిలబడి, నిలబడ్డట్టే మిషను మీదికి ఒరిగిపోయింది. నుదురు ఇనుముకి తగిలింది. జేబక్క ఆమెని ఎత్తుకుని ప్రథమ చికిత్స గదికి చేర్చింది. అక్కడి ఉద్యోగి చేతికి పట్టా చుట్టి బీపీ చూశాడు. నూట యాభై ఆరు. మళ్ళీ చూశాడు. నూట యాభై రెండు.

"ఇరవై నాలుగేళ్ళకే బీపీయా!" అని ఆఫీసుకి పరుగెత్తాడు.

ఆఫీసు నుంచి మేనేజరు వచ్చాడు. ఆయన ఆమె నుదుటి మీద బొప్పిని చూడలేదు, ఆ అంకెని చూశాడు. "గుండెజబ్బేమో. ఇక్కడ ఏమన్నా అయితే మా మెడకి చుట్టుకుంటుంది. సోమవారంలోగా గుండె బాగుందని డాక్టరు కాగితం తెస్తే పని. లేదంటే మానేస్తున్నానని సంతకం పెట్టి వెళ్ళు" అన్నాడు. మంచినీళ్ళు ఇమ్మని కూడా ఎవరితోనూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే అమ్మ ఆమెని వీధి చివర క్లినిక్‌కి తీసుకెళ్ళింది. అక్కడ తొంభై రెండు వచ్చింది. "లో బీపీ. ఉప్పు బాగా తిను" అన్నాడు అక్కడి డాక్టరు. గుండె సంగతి రాయమంటే, "అది నేను రాయకూడదమ్మా" అని తప్పుకున్నాడు. ఆ కాగితం పట్టుకుని కాలర్ సాయంత్రం దాకా పనిచేసి మళ్ళీ ప్రథమ చికిత్స గదికి వెళ్ళింది. నూట నలభై ఎనిమిది. క్లినిక్‌లో ఉప్పు తినమన్నారు, ఇక్కడేమో మానమన్నారు.

"నీ బీపీకి లిఫ్ట్ పెట్టారేంటి మరదలా, పొద్దున కింద, సాయంత్రం మేడ మీద" అన్నాడు బావ.

కాలర్‌కి నవ్వు రాలేదు. ఆమె పని చేస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. బావకి జోకు వేసేంత తీరిక ఉంది. ఆమెకి సోమవారం దాకా మూడు రోజులే ఉన్నాయి. నిజంగానే గుండె చెడిందా అన్న భయం ఒకటి, చెడకపోయినా ఎవరూ కాగితం రాయరేమోనన్న భయం ఇంకొకటి. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అలా ఉంది.

శుక్రవారం సెలవడిగి, అమ్మని తోడు తీసుకుని పెద్దాసుపత్రికి వెళ్ళింది. రెండు గంటలు వరసలో నిలబడ్డాక ఒక పెద్ద నర్సు ముందుకి చేరింది. తల నెరిసిన మనిషి. పట్టా చేతిలో పట్టుకుని, చుట్టకుండానే అడిగింది.

"ఒంటికి వెళ్ళొచ్చావా?"

కాలర్ లేదన్నట్టు తలూపింది.

"అయితే వెళ్ళొచ్చి అయిదు నిమిషాలు కూర్చో. అప్పుడు చూస్తాను."

కాలర్ కదల్లేదు. కుడిచెయ్యి చాపి నిలబడింది.

"ఏంటి?"

"బిళ్ళ ఇవ్వండి మేడమ్."

"ఇంకా బీపీయే చూడలేదు, అప్పుడే బిళ్ళా? ఏ జబ్బుకని ఇవ్వను?"

"జబ్బుకి కాదండీ. ఒంటికి."

"ఎవరికిచ్చినా ఒంటికే కదమ్మా ఇచ్చేది! నొప్పెక్కడో చెప్పు."

వరసలో వెనకున్న ముసలాయన పకపకా నవ్వాడు. అమ్మ సిగ్గుతో కూతురి మోచెయ్యి లాగింది. కాలర్ మొహం కందిపోయింది. "కాదండీ... మా దగ్గర ఒంటికి వెళ్ళాలంటే మెళ్ళో బిళ్ళ వేసుకునే వెళ్ళాలి. ఇక్కడ ఎవరిస్తారో తెలీక అడిగాను."

నర్సు నవ్వబోయి ఆగిపోయింది. ముసలాయన కూడా నవ్వు మింగాడు.

"ఇక్కడ ఎవరూ ఇవ్వక్కర్లేదు తల్లీ" అంది నర్సు నెమ్మదిగా. "తలుపు అదిగో. వెళ్ళు."

ఆమె తిరిగి వచ్చి కూర్చున్నాక నర్సు బీపీ చూసింది. నూట ఎనిమిది. అడిగి అడిగి విషయమంతా లాగింది. ఫ్యాక్టరీలో బీపీ చూసిన రెండుసార్లూ పొద్దున్నుంచీ ఆపుకునే ఉందా? ఉంది. మేకు ఖాళీ. క్లినిక్‌కి వెళ్ళిన రోజు ఇంట్లో ఒంటికి వెళ్ళే బయల్దేరిందా? అవును, ముందురోజు నుంచి నీళ్ళు తాగకుండా.

"అంత ఆపుకుని కూర్చుంటే అంకె పైకి ఎగబాకుతుందమ్మా. నీళ్ళు లేకపోతే కిందికి జారుతుంది. వాళ్ళు చూసింది నీ బీపీ కాదు, నీ అవస్థ" అంది నర్సు.

లోపల లేడీ డాక్టరు తొందరపడలేదు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. నిలబడగానే అంకె దిగింది, గుండె పరుగు పెట్టింది. ఈసీజీ తీయించింది. రక్తం, మూత్రం పరీక్షకి పంపి, శనివారం మళ్ళీ రమ్మంది. శనివారం అమ్మని కూడా కూర్చోబెట్టి చెప్పింది.

"ఈసీజీలో గుండెకి జబ్బేమీ కనపడలేదు. కొట్టుకోవడమే తొందరగా ఉంది. రక్తం పన్నెండు ఉండాలి, ఏడున్నరే ఉంది. ఒంట్లో నీళ్ళు లేవు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంది. దడకీ, కళ్ళు తిరగడానికీ ఇవి చాలు."

"ఈ పోటు గ్యాసేనాండీ?" అంది అమ్మ.

"ఆ పోటుకి ఇవాళ నేను పేరు పెట్టలేనమ్మా. తెలియనిదాన్ని గ్యాస్ అని రాయను. మందులు వాడనివ్వండి, రెండు వారాలకి మళ్ళీ చూస్తాను. మధ్యలో నొప్పి ఎక్కువైనా, ఊపిరాడకపోయినా, చెయ్యీ దవడా లాగినా వెంటనే రావాలి. వయసు చూసి ఆగకండి."

ఆ మాటతో అమ్మ ఏడ్చింది. కాలర్ ఏడవలేదు. ఏడాదిలో మొదటిసారి ఒకరు తెలియదని చెప్పారు, ఆ తెలియకపోవడం కూడా ఆమెకి మర్యాదగా అనిపించింది.

డాక్టరు కాగితం మీద పై సగంలో గుండె సంగతి, పని చేసుకోవచ్చన్న మాటా రాసింది. కింది సగంలో ఇలా రాసింది: పనిచేసేచోట తాగే నీళ్ళు దగ్గరుండాలి. అవసరమైనప్పుడల్లా, ఎవరి అనుమతీ లేకుండా మూత్రానికి వెళ్ళనివ్వాలి. ఇది మందుతో సమానం.

సోమవారం మేనేజరు ఆ కాగితం చదివాడు. పై సగం చదివేటప్పుడు మొహం విప్పారింది. కింది సగానికి వచ్చేసరికి ముడుచుకుంది. గుమాస్తాని పిలిచి జెరాక్స్ తీయించమన్నాడు. కాగితాన్ని సరిగ్గా నడిమికి మడిచి ఇచ్చాడు. ఫైలులోకి పై సగమే వెళ్ళింది.

"గుండె బాగుందిగా. ఇంక నాటకాలాడక పని చేసుకో" అన్నాడు.

ఇంత నీచం చేసేటప్పుడు ఆయన గొంతు పెంచనైనా లేదు. గుమాస్తా తిరిగిచ్చిన కాగితం ఫ్యాను గాలికి ఎగరకుండా దాని మీద టీ కప్పు పెట్టాడంతే.

కాలర్ ఆ కప్పు జరిపి, తన కాగితం తీసుకుంది. మధ్యాహ్నం డబ్బాలు విప్పే వేళకి దాన్ని జేబక్క చేతిలో పెట్టింది. "గట్టిగా చదువక్కా. కింది సగమే చదువు."

జేబక్క చదివింది. మొదట ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత చేతులు కుట్టేది "ఒంటికి వెళ్తే నాకూ మంటే, రెండేళ్ళయింది" అంది తల దించుకునే. బొత్తాలు కుట్టేది తనకి దడ అంది. ఇంకొకామెకి రెండు నెలలుగా బీపీ మాత్రలు, సాయంత్రం పూట ఆ ప్రథమ చికిత్స గదిలోనే చూసిన అంకెకి. ముప్పై ఎనిమిది మందిలో ఎవరూ ఇది పక్కవాళ్ళకి చెప్పుకోలేదు. అందరికీ గ్యాసే మరి.

భోజనాలు కాగానే కాలర్ లేచి, మేకు వైపు చూడకుండా నడిచి వెళ్ళింది. సూపర్‌వైజర్ నోరు తెరిచాడు. వెనకాలే జేబక్క లేచింది, ఆ వెనక చెయ్యి, ఆ వెనక ఇంకో నలుగురు. చెరువు జోకు ఆ పూట అతని నోట్లోనే ఉండిపోయింది.

ఆనాటితో అంతా బాగుపడిపోలేదు. ఆ ఏడుగురికీ హెచ్చరిక కాగితాలు వచ్చాయి. కాలర్ మిషనుని గాలి తగలని మూలకి మార్చారు. ఎడమవైపు పోటు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు, డాక్టరు ఇంకా చూస్తోంది. ఆ ఏడుగురూ కలిసి కార్మిక శాఖకి పెట్టిన అర్జీకి జవాబు రాలేదు. అర్జీతో జత చెయ్యడానికి మిగతావాళ్ళ పరీక్షల కాగితాలు కావాలి. పరీక్షలకి వెళ్ళడానికే వాళ్ళకి భయం. ఆసుపత్రి వరసలో కళ్ళు తిరిగి పడితే పట్టుకునేవాళ్ళు లేరు, ఇంట్లో చెబితే వెక్కిరింత.

ఇలాంటి లైను మీ వీధిలో ఉండే ఏదో ఒక అమ్మాయి పనిచేసే చోట ఉంది. దుకాణంలో పొద్దంతా నిలబడే పిల్ల కావచ్చు, ఫోన్లెత్తే పిల్ల కావచ్చు, మీ ఇంటి పిల్లే కావచ్చు. గుండెలో దడగా ఉందంటే గ్యాస్ అనకండి, పెళ్ళి అనకండి. డాక్టరు మీరు కాదు. ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పొద్దున్నుంచీ నీళ్ళు తాగిందా, ఒంటికి వెళ్ళనిచ్చారా అని అడగండి. వెళ్ళనివ్వని చోటుంటే ఆ చోటి పేరు రాసి, కింద మీ సంతకం పెట్టి కార్మిక శాఖకి పంపండి. ఆమె సంతకం పెడితే పని పోతుంది, మీరు పెడితే మీకేమీ పోదు. పెద్దాసుపత్రిలో శనివారం ఓపీ పొద్దున తొమ్మిదికి మొదలవుతుంది. ఒక్క పూట తోడు వెళ్ళండి, వరసలో ఆమె పక్కన నిలబడండి.