గెంతులరాయుడి రెండో చెవి

ఆ పెయింటరు అక్షరాల మనిషి, బొమ్మల మనిషి కాదు. గోడ మీద షాపు పేరు రాయమంటే దారం పట్టకుండా, గీత కొట్టకుండా కంటి అంచనాతోనే రాసేసేవాడు. ఒక్క అక్షరం కిందకి జారేది కాదు. అదే పక్కన చిన్న టైరు బొమ్మ వేయమంటే మాత్రం నీళ్లు నమిలేవాడు. బలవంతాన వేయిస్తే ఆ టైరు కోడిగుడ్డులా వచ్చేది. ఫ్లెక్సీలు వచ్చి గోడ పెయింటర్ల పొట్ట కొట్టాక తోటివాళ్లందరూ బ్రష్షులు పక్కన పడేసి తలో పని చూసుకున్నారు. ఇతను మాత్రం నిచ్చెన భుజాన వేసుకుని తిరుగుతూనే ఉన్నాడు. మొండిఘటం. అలాంటి మనిషి జన్మలో ఒకే ఒక్క బొమ్మ నేర్చుకున్నాడు. అది నేర్పింది అతని కూతురు.

ఆ పిల్లకి తొమ్మిదేళ్లు. బడి నుంచి రాగానే తండ్రి ఫోను లాక్కుని ఒక ఆట ఆడేది. అందులో నీలం రంగు జంతువొకటి ఉంటుంది. కుందేలు అందామంటే కుందేలు కాదు, పిల్లి అందామంటే పిల్లీ కాదు. గోడలు దూకుతూ, గుంటలు దాటుతూ పరిగెడుతూనే ఉంటుంది. దానికేదో పరాయి దేశపు పేరు ఉందిగానీ అది ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. పిల్లే దానికి గెంతులరాయుడని పేరు పెట్టింది. ఆ ఫోను ఒకసారి నిచ్చెన పై నుంచి కింద పడిన ఫోను. అద్దం నిండా పగుళ్లు, కుడి పక్క పై మూల బొటనవేలంత నల్ల మచ్చ. ఆట తెరవగానే రాయుడు తెర నిండా మొహం పెట్టి చెయ్యి ఊపేవాడు. ఆ తర్వాత పక్కకి తిరిగి పరుగందుకునేవాడు.

వాడికి ఒకటే చెవి. రెండోది ఏమైందని తండ్రి ఒకసారి అడిగాడు. పిల్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంది.

"పోయింది నాన్నా. ఎక్కడో పడిపోయింది. దాని కోసమే కదా ఈ పరుగంతా."

"మరి దొరుకుతుందా?"

"దొరికితే ఆట అయిపోతుంది. అప్పుడు హాయిగా పడుకుంటాడు."

ఆ రోజుల్లోనే పరుపుల షాపు యజమాని పిలిచి షట్టరు మీద పేరు రాయమన్నాడు. ఉత్త పేరు బోసిగా ఉంటుంది, పక్కన ఏదో ఒక బొమ్మ ఉండాల్సిందే అన్నాడు. బొమ్మ నా వల్ల కాదని చెబితే ఆ పని కూడా ఫ్లెక్సీవాడికి పోయేలా ఉంది. ఇంటికొచ్చి దిగాలుగా కూర్చుంటే, సంగతేంటని ఆరా తీసింది కూతురు. పాత క్యాలెండరు కాగితం తిరగేసి పెన్సిలుతో రాయుణ్ణి గీసి చూపించింది. ముందు పొట్ట, తర్వాత కాళ్లు, చివర్న చెవి. తండ్రి చెయ్యి పట్టుకుని మరీ దిద్దించింది. అక్షరాలు దిద్దించినంత ఓపిగ్గా దిద్దించింది.

మర్నాడు అతను షట్టరు మీద పరుపు వేసి, దాని మీద రాయుణ్ణి కళ్లు మూసి పడుకోబెట్టాడు. బడి వదలగానే కూతురొచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసి ఒప్పుకోనంది. చెవి దొరక్కుండా వాడెలా పడుకుంటాడని నిలదీసింది. చేసేది లేక తండ్రి మళ్లీ బ్రష్షు ముంచి కళ్లు తెరిపించాడు. దాంతో షాపు యజమాని ఒంటికాలి మీద లేచాడు. పరుపు మీద పడుకుని కళ్లింతింత చేసుకుని చూస్తుంటే నా పరుపు ఎవడు కొంటాడయ్యా అని కేకలేశాడు. కానీ దారిన పోయే పిల్లలు ఆ బొమ్మ ముందు తల్లుల కొంగులు లాగి నిలబెట్టడం చూశాక అతనే నోరు మూసుకున్నాడు.

ఇక చూడండి. నీళ్ల ట్యాంకుల షాపుకి రాయుడు, డ్రైవింగ్ స్కూలుకి రాయుడు, సిమెంటు దుకాణానికి రాయుడు. గెంతులాటకీ సిమెంటుకీ ఏమిటి సంబంధం అని ఏ ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. కళ్లజోళ్ల షాపాయన ఒక్కడే కాస్త ఆలోచనపరుడు. ఒక చెవి ఉన్నవాడికి కళ్లజోడు ఎలా నిలుస్తుందని పట్టుకున్నాడు. ఆ చిక్కు కూడా కూతురే విప్పింది. చెవి లేని వైపు దారం కట్టెయ్ నాన్నా అంది. దారం కట్టిన కళ్లజోడుతో రాయుడు గోడెక్కాడు. ఆ వీధిలో నవ్వని మనిషి లేడు.

ఆ ఏడాది వానల్లో పిల్లకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. తగ్గకపోతే ఆసుపత్రిలో చేర్చారు. మంచం మీద పడుకుని కూడా ఫోను వదిలేది కాదు.

"నాన్నా, ఈ అద్దం మార్పించవా? ఈ మూల నాకేం కనపడట్లేదు."

"ఈ గోడ అయిపోగానే మార్పిస్తానమ్మా."

ఆ గోడ అయిపోయింది. అద్దం మారలేదు. ఇంకో గోడ మొదలైంది. అప్పటికీ మారలేదు. జ్వరం తలకెక్కింది, డాక్టర్లు చేయగలిగింది చేశారు, పిల్ల దక్కలేదు.

తల్లి ఆ ఫోనుని అలమరలో, పిల్ల బట్టల మడతల కింద పెట్టేసింది. దాన్ని మళ్లీ ఎవరూ తియ్యలేదు. ఆమె బడిసంచులు కుట్టే షెడ్డులో పని చేస్తుంది. పెద్ద వీధిలో వెళితే షెడ్డు దగ్గరే, కానీ ఆ వీధి పొడుగునా రాయుళ్లే. అందుకని ఆ రోజు నుంచి వెనక సందుల్లో చుట్టు తిరిగి వెళ్లడం మొదలుపెట్టింది. తండ్రిది దానికి సరిగ్గా ఎదురు. ఏ గోడ దొరికినా, అడిగినా అడగకపోయినా, మూలన రాయుణ్ణి వేసేవాడు. మందుల షాపు మీద వేశాడు. ఆఖరికి లాయరు ఆఫీసు బోర్డు మీద కూడా వేస్తే జనం ముక్కున వేలేసుకున్నారు. పెయింటరుకి పిచ్చి పట్టిందన్నవాళ్లూ లేకపోలేదు. అతను తన పని తాను చేసుకుపోయేవాడు. చెవి దగ్గరకొచ్చేసరికి మాత్రం ఊపిరి బిగబట్టేవాడు. క్యాలెండరు కాగితం మీద పిల్ల పెన్సిలు జారి ఆ చెవి కొస చిన్న వంకర పోయింది. ఆ వంకర ప్రతి గోడ మీదా అలాగే రావాలి. రాయుడంటే అతనికి ఆటలో జంతువు కాదు, కూతురి చేతి గీత. ఆ గీత ఊళ్లో ఉన్నన్నాళ్లూ కూతురు ఊళ్లో ఉన్నట్టే అనుకున్నాడు.

కొన్నేళ్లకి రాయుడి అసలు సొంతదారులు ఊళ్లోకొచ్చారు. ఆట తయారుచేసిన కంపెనీ రాయుణ్ణి ఒక టూత్‌పేస్టు ప్రకటనలకి ఇచ్చిందట. బస్సుల మీద, బస్‌స్టాపుల్లో బ్రష్షు పట్టుకుని పళ్లికిలిస్తూ కనపడసాగాడు. పెయింటరు మాత్రం ఆ బస్సుల వంక తలెత్తి చూసేవాడు కాదు. ఫ్లెక్సీ అంటేనే అతనికి కడుపుమంట. తర్వాత కంపెనీ తరఫున ఒకావిడ వచ్చి వీధి వీధీ తిరిగి గోడలన్నీ ఫొటోలు తీసుకుంది. తర్వాత పెయింటరు ఎక్కడుంటాడని అడుగుతూ వచ్చింది.

మంచి మనిషే. గదమాయించలేదు. టీకొట్టు బల్ల మీద ఒక పెద్ద కాగితం పరిచి, నిదానంగా చెప్పింది.

"మీ చెయ్యి చాలా బాగుందండీ. గోడలన్నీ ఉంచేద్దామని మావాళ్లు ఒప్పుకున్నారు, షాపుల పేర్లతో సహా. కింద టూత్‌పేస్టు పేరు రాస్తే చాలు, ఆ పనీ మీదే. కాకపోతే రంగు, చెవులు మాత్రం ఈ కాగితంలో ఉన్నట్టుండాలి. ఎలా కూర్చున్నాడు, ఏం చేస్తున్నాడు అన్నది మీ ఇష్టం."

అలా కుదరదంటే గోడలన్నిటికీ తెల్లరంగు కొట్టించక తప్పదని కూడా, ఇబ్బంది పడుతూనే చెప్పింది. పెయింటరు కాగితం వంక చూశాడు. రాయుడికి రెండు చెవులున్నాయి.

"ఈ రెండోది ఎప్పుడొచ్చిందండీ?" అని అడిగాడు.

ఆమెకి ప్రశ్న అర్థం కాలేదు. మొదటి నుంచీ రెండేనంటూ తన ఫోనులో ఆట తెరిచి ఎదురుగా పట్టుకుంది. పగుళ్లు లేని అద్దం. రాయుడు తెర నిండా మొహం పెట్టి చెయ్యి ఊపాడు. కుడి పక్క పై మూల, తమ ఫోనులో నల్ల మచ్చ ఉండే చోట, రెండో చెవి నిక్కబొడుచుకుని ఉంది.

పిల్ల కనపడట్లేదన్నది ఆ మూలే. అద్దం మార్పించి ఉంటే ఒక్క చూపులో తెలిసిపోయేది. మార్పించలేదు. ఏదీ పోగొట్టుకోని జంతువు ఏదో వెతుక్కుంటోందని నమ్మి, దానితోపాటు తనూ వెతుకుతూ, పిల్ల ఆ చెవి చూడకుండానే వెళ్లిపోయింది. ఈ తప్పు ఎవరి నెత్తిన వేయడానికీ లేదు, ముమ్మాటికీ తనదే. రేపు చెబుతానని ఆవిడతో అనేసి లేచాడు.

ఇంటికెళ్లి భార్యకి మొత్తం చెప్పాడు. పిల్ల పోయాక రాయుడి మాట ఆ ఇంట్లో ఎత్తడం అదే మొదలు. రెండో చెవి తాను వెయ్యనన్నాడు. ఎవరో తెచ్చిన కాగితం చూసి నా కూతురి గీత దిద్దుతానా, అంతకంటే అన్నిటికీ తెల్లరంగు కొట్టడమే మేలన్నాడు. ఆమె ఒళ్లో ఉన్న సంచి దారాలు కత్తిరిస్తూ అంతా విన్నది.

పొద్దున్నే అతను రంగుల సంచీ, స్టూలూ, తెల్లరంగు డబ్బా పట్టుకుని పరుపుల షాపు దగ్గరకెళ్లాడు. మొదట వేసిన బొమ్మ అది, మొదట చెరపాల్సిందీ అదే అనుకున్నాడు. షాపు ఇంకా తెరవలేదు. మూసిన షట్టరు మీద రాయుడు పరుపెక్కి, కళ్లింతింత చేసుకుని అతని వంకే చూస్తున్నాడు. బ్రష్షు రంగులో ముంచాడు గానీ చెయ్యి పైకి లేవలేదు. తెల్లరంగు చుక్కలు చుక్కలుగా చెప్పుల మీద పడుతున్నా అలాగే నిలబడ్డాడు.

వెనక అడుగుల చప్పుడు వినపడింది. భార్య. అన్నం డబ్బా చేత్తో పట్టుకుని, ఇన్నేళ్ల తర్వాత పెద్ద వీధిన పనికి వెళుతూ వచ్చింది. షట్టరు ముందు నిలబడి చాలాసేపు చూసింది. మునివేళ్ల మీద లేచి, చెవి కొసన ఉన్న వంకరని వేలితో ముట్టుకుంది.

"కళ్లు తెరిపించింది ఇక్కడేనా?"

"ఇక్కడే. చెవి దొరికేదాకా వాడికి నిద్ర లేదంది."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడుపు ఆపుకోలేదు, ఏడుస్తూనే మాట్లాడింది.

"మన పిల్ల తప్పు వెయ్యలేదండీ. దానికి కనపడలేదు, అంతే. కనపడితే వేసేది." బొమ్మ వంక తిరిగింది. "చెవి కోసమే పరుగంది కదా. ఆ చెవి తిరిగి తిరిగి మన దగ్గరికే వచ్చింది. ఇచ్చెయ్యండి వాడిది వాడికి. ఇంకా ఎన్నాళ్లు పరిగెత్తిస్తారు?"

అతను తెల్లరంగు డబ్బాకి మూత పెట్టేశాడు. సంచీలోంచి నీలం తీశాడు. ఆమె స్టూలు కదలకుండా రెండు చేతులా పట్టుకుంది. కంపెనీ కాగితం జేబులోనే ఉంది, కానీ అతను దాన్ని తియ్యలేదు. మొదటి చెవిని చూస్తూ రెండోది వేశాడు, కొసన ఆ వంకరతో సహా. పిల్ల చూసి ఉంటే అలాగే వేసి ఉండేది.

దిగబోయి ఆగాడు. మళ్లీ బ్రష్షు ముంచి, ఒక కంటి మీద నీలం నింపి కింద సన్నటి గీత గీశాడు. రెండో కన్ను కూడా అలాగే మూశాడు. దిగి ఆమె పక్కన నిలబడ్డాడు.

తాళాల గుత్తి ఆడించుకుంటూ షాపు యజమాని వచ్చాడు. కాసేపు తేరిపార చూసి నవ్వాడు.

"అమ్మయ్య. ఇన్నాళ్లకి కునుకు పట్టిందన్నమాట వీడికి. షట్టరు ఎత్తనా మరి?"

"కాసేపు ఆగండి. రంగు ఇంకా పచ్చిగానే ఉంది," అన్నాడు పెయింటరు.

"సరేలే, పడుకోనీ పాపం," అని ఆయన మెట్టు మీద కూర్చున్నాడు.