డ్రిల్లు మాస్టారి వంకర లైను

డ్రిల్లు మాస్టారికి లోకంలో ఒక్కటే పట్టింపు. ముగ్గురు మనుషులు ఒకచోట కనబడితే వాళ్లు లైనులో ఉండాలి. లేకపోతే ఆయనకు తిండి సహించదు. ఆయన ఎప్పుడో రిటైరయ్యారు గానీ మెడలో విజిల్ మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. కొడుకు పెళ్లిలో గ్రూపు ఫోటోకి అందరినీ ఎత్తులవారీగా నిలబెట్టి, పెళ్లికూతుర్ని మూడో వరుసలోకి నెట్టిన ఘనుడు. ఆ పెళ్లికూతురే ఇప్పుడాయన కోడలు. ఆల్బమ్‌లో తన నెత్తి తప్ప ఇంకేమీ కనబడదని ఆవిడకు ఇప్పటికీ గుర్రుగానే ఉంది.

కోడలు చర్చిలో సండే స్కూలు నడుపుతుంది. పరాయి దేశంలోని ఒక పిల్లల హోమ్‌లో కొన్నాళ్లు సేవ చేసి రావడానికి చర్చివాళ్లు ఒక బృందాన్ని పంపుతూ, ఆవిడను నాయకురాల్ని చేశారు. తీరా బయల్దేరే ముందు బృందంలో ఒకాయనకు నడుం పట్టేసింది. ఖాళీ అయిన సీట్లో మామగారు వచ్చి కూర్చున్నారు.

"మామయ్యగారూ, అక్కడ పిల్లలకి పాటలు, కథలు, బొమ్మలేయించడం అంతే. డ్రిల్లు లేదు," అంది కోడలు.

"నేనేమన్నానమ్మా? నా మానాన నేను ఓ మూల పడుంటాను."

విమానం దిగి, సామాన్ల బెల్టు దగ్గరకు రాగానే ఆ మూల కాస్తా వదిలేశారు. పెట్టెల కోసం ఎగబడుతున్న జనాన్ని, భాష రాకపోయినా విజిలుతోనే వరసలో పెట్టేశారు. టై కట్టుకున్న ఒకాయన ఈయన్ని పెద్ద అధికారి అనుకున్నాడో ఏమో, పాస్‌పోర్టు తీసి చేతికిచ్చాడు. మాస్టారు ఫోటోనీ మనిషినీ మార్చి మార్చి చూశారు.

"ఇందులో నిటారుగానే ఉన్నావు కదయ్యా! ఇప్పుడెందుకు వంగిపోయావు?" అని తిరిగిచ్చేశారు. ఏమర్థమైందో గానీ ఆయన చప్పున నిటారుగా నిలబడ్డాడు.

హోమ్‌లో భోజనాల హాలు పొడుగాటి రేకుల షెడ్డు. దాని చివర కిటికీలోంచి వంటావిడ సూపు పోసి, రొట్టె ఇస్తుంది. వార్డెనమ్మ గంట కొట్టడమే తరువాయి, పిల్లలంతా మోచేతులతో పొడుచుకుంటూ ఆ కిటికీ మీద పడతారు. మొదటి రోజు ఆ దృశ్యం చూసి మాస్టారికి ఒళ్లు మండిపోయింది. ఆపుకున్నారు. రెండో రోజు ఆపుకోలేదు.

"లై...న్!"

ఇదేదో కొత్త ఆట అనుకుని పిల్లలు వరస కట్టారు. మాస్టారు ఒక కన్ను మూసి, వరస పొడుగునా నడిచారు.

"వంకర!"

ఒకడి భుజం సర్దారు. ఇంకొకడి బొజ్జ లోపలికి నొక్కారు.

"ఇంకా వంకరగానే ఉంది!"

అలా సర్దగా సర్దగా సూపు చల్లారిపోయింది. చివరికి, "ఎబౌట్ టర్న్!" అని అరిచి, లైను తోకను తలగా మార్చి, హాలంతా ఒక చుట్టు తిప్పి కిటికీ దగ్గరకు తెచ్చారు. తెలివి మీరిన గడుగ్గాయిలు తోకవైపు జారుకోబోతే, "కదిలారంటే మళ్లీ మొదట్నుంచీ!" అని గద్దించేవారు. రోజూ ఇదే తంతు. పిల్లలకు మహా సరదాగా ఉంది. వార్డెనమ్మకే లేదు.

"మీ మామగారు మనిషా, ట్రాఫిక్ పోలీసా?" అని కోడల్ని ఇంగ్లీషులో నిలదీసింది. "గంట కొట్టగానే వడ్డన మొదలవ్వాలి. ఇంకోసారి ఆలస్యమైతే మీ బృందం భోజనాల హాల్లో అడుగుపెట్టక్కర్లేదు."

కోడలు తిన్నగా మామగారి దగ్గరకొచ్చి చెయ్యి చాపింది. ఆయన విజిల్ తీసి ఆ చేతిలో పెట్టారు.

"మెడ బోసిగా ఉందమ్మా," అన్నారు దీనంగా.

ఆ మధ్యాహ్నం ఆయన చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని బల్ల మీద కూర్చున్నారు. గంట మోగింది. పిల్లలు ఎగబడ్డారు. క్షణాల్లో వడ్డన అయిపోయింది. వార్డెనమ్మ మొహం చాటంతయింది. అందరూ సగం తిన్నాక గుమ్మంలోకి ఒక బక్కపిల్ల వచ్చింది. చంకలో బూరెబుగ్గల తమ్ముడు. వాడు ఆ పిల్లకంటే బరువుంటాడేమో. వాడికి మొహం కడిగి, చొక్కా మార్చి, మోసుకొచ్చేసరికి రోజూ ఇంతే అవుతుంది. వంటావిడ గిన్నె అడుగు గీకి నీళ్లలాంటి సూపు పోసింది.

"ఎప్పుడూ ఇంతేనా?" అంది కోడలు, మనసు చివుక్కుమని.

"ఎప్పుడూ ఇంతే. మీ మామగారు లైను పెట్టాకే ఈ పిల్ల కడుపునిండా తింటోంది," అంది వంటావిడ వచ్చీరాని ఇంగ్లీషులో. "మీరు చూళ్లేదా? లైను వంకర అంటాడే గానీ ఆయన కన్నెప్పుడూ గుమ్మం మీదే. ఈ పిల్ల వచ్చి చివర నిలబడ్డాకే వెనక్కి తిప్పుతాడు."

కోడలు మామగారి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"లైను నిజంగానే వంకరగా ఉందమ్మా," అన్నారాయన, అడక్కముందే.

"మామయ్యగారూ..."

"మొదటి రోజు నా రొట్టె ఇచ్చాను. తెచ్చి నా ప్లేటులోనే పెట్టేసింది. రోషం గల పిల్ల. జాలిపడి పెడితే ముట్టదు. వరసలో వస్తే తన వంతు. వంతు ఎవరు కాదంటారు?"

"మరి నాతో చెప్పొచ్చుగా!"

"చెబితే ఆ పిల్లవంక అయ్యో పాపం అని చూస్తావు. నీ మొహంలో ఏదీ దాగదమ్మా. పెళ్లి ఫోటోలో చూశాగా."

"పెళ్లి ఫోటోలో నా మొహం ఎక్కడుందండీ!"

"అదీ నిజమే," అన్నారు మాస్టారు. కోడలికి నవ్వాగలేదు. కాపురానికొచ్చిన ఇన్నాళ్లకు మామగారి మీద బోలెడంత ప్రేమ పుట్టుకొచ్చింది. విజిల్ ఆయన మెడలో తనే వేసింది.

మర్నాడు గంట మోగింది. లైను చకచకా కట్టేశారు. వార్డెనమ్మ గడియారం చూసుకుంటోంది. బక్కపిల్ల జాడ లేదు. వంకర అనడానికి మాస్టారు నోరు తెరిచేలోగా వార్డెనమ్మ వంటావిడకు చెయ్యి ఊపింది. వడ్డన మొదలైతే అంతా అయిపోయినట్టే.

"ప్రార్థన చేసుకుందాం!" అని కోడలు గట్టిగా కళ్లు మూసుకుంది.

వార్డెనమ్మకూ మూయక తప్పలేదు. ప్రార్థన మధ్యలో వడ్డించడానికి ఎవరికి గుండె చాలుతుంది? కోడలు సూపు కోసం దేవుడికి వందనాలు చెప్పింది. రొట్టె కోసం, రొట్టె కాల్చినవాడి కోసం, వాడి ఇంటిల్లిపాది ఆరోగ్యం కోసం, చెంచాల కోసం చెప్పింది. మాస్టారు ఒక కన్ను గుమ్మానికి అప్పగించి, "ఇంకాస్త తల్లీ, ఇంకాస్త," అని గొణిగారు. పొయ్యిలో మంట కోసం, మంట ఆర్పే నీళ్ల కోసం కూడా చెప్పింది. ఇక ఉప్పు తప్ప మిగల్లేదనుకునే సరికి గుమ్మంలో బూరెబుగ్గలు కనబడ్డాయి.

"ఆమెన్!"

"ఎబౌట్ టర్న్!"

వార్డెనమ్మ చెమ్మగిల్లిన కళ్లు తుడుచుకుంటూ వచ్చి కోడలి చేతులు పట్టుకుంది. "ఇంత నిండైన ప్రార్థన నేనెన్నడూ వినలేదు. ఇక్కడున్నన్నాళ్లూ మీరే చెయ్యాలి!"

మొదట సూపు అందుకున్న బక్కపిల్ల మాత్రం బల్ల దగ్గరకు పోలేదు. తిన్నగా మాస్టారి ముందుకొచ్చి, తమ్ముణ్ణి ఆయన చేతుల్లోకి కుదేసి, బల్ల చూపించి తన భాషలో ఒక్క మాట అంది.

"కూర్చోమంటోంది!" అని అరిచింది వంటావిడ కిటికీలోంచి.

జన్మంతా ఇతరులను నిలబెట్టిన మనిషి చెప్పినట్టే కూర్చున్నారు. పక్కనే ఆ పిల్లా కూర్చుంది. బూరెబుగ్గలవాడు సూపులో చెయ్యి ముంచి ఆయన తెల్లచొక్కాకు శుభ్రంగా తుడుచుకున్నాడు. అదుపు చేసేవాళ్లు లేక లైను కాస్తా మెలికలు తిరిగింది. అది చూసి మాస్టారు అరవబోయి నోరు తెరిచారు. ఆ పిల్ల అందులో తన రొట్టెముక్క పెట్టేసింది.