విమానానికి సాక

నిన్న చిన్నకోడూరు దారిలో పులిసిన కల్లు వాసన తగలగానే, తలపైన ఎక్కడో విమానం మోగినట్టయింది.

మా తాత తాళ్లెక్కి కల్లు గీసేవాడు. పడుచుతనంలో, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, కూలికి అస్సాం పోయి చైనాకు పోయే విమానాల్లోకి మూటలెత్తాడట. వాటిని నడిపేది అమెరికావాళ్లు. చెట్టెక్కే మోకుకు వేసే ముడే ఆ మూటలకూ వేసేవాడట.

నా చిన్నతనంలో, ఆకాశంలో విమానం కనబడితే చాలు, ఎల్లమ్మకు సాక పోసినట్టే ముంతలోంచి కాస్త కల్లు నేలమీద ఒంపేవాడు. విమానానికి దాహమేమోననుకుని ఒకరోజు అడిగాను.

"తాతా, గంత పైనుంచి ఎట్ల తాగుతది?"

"తాగుతది బిడ్డా. మంచుకొండలు దాటాలె గద, అలిసిపోతది."

మర్నాడు సత్తుగిన్నెలో నీళ్లు నింపి వాకిట్లో పెట్టాను. ఆకాశం చూస్తూ చూస్తూ అరుగుమీదే నిద్రపోయాను. లేచేసరికి నీళ్లు తగ్గి ఉన్నాయి. తాతను పిలిచి చూపించాను.

తాత చాలాసేపు గిన్నెలోకే చూశాడు. "అయితే దిగిన్రన్నట్టు," అన్నాడు మెల్లగా.

ఆయన మూటలెత్తిన విమానమొకటి, అందులోని మనుషులతో సహా, ఆ కొండల్లోంచి తిరిగి రాలేదని పెద్దయ్యాక అమ్మ చెప్పింది. నీళ్లు ఎండకు ఇగిరాయని మాత్రం తాత నాకు ఎన్నడూ చెప్పలేదు.